చలేస్తే ఇంకోటి తొడుక్కోమనే సలహా

శీతాకాలంలో తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు, అంటే కయాక్‌లు, వేసుకుని బయల్దేరే మా బృందంలోకి ఈ మధ్య ఒక కుర్రాడు కొత్తగా వచ్చాడు. నీరు లోపలికి రాకుండా ఒళ్లంతా కప్పే డ్రైసూట్ వేసుకుని నీళ్ల మీద తిరగడం అతనికి అదే మొదలు. ఒడ్డుకు చేరేసరికి దవడలు కొట్టుకుంటున్నాయి. మాలో పెద్దాయన ఒకరు అతన్ని చూసి, "లోపల ఇంకో ఫ్లీస్ తగిలించు బాబూ, అదే సర్దుకుంటుంది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆయనంటే నాకూ గౌరవమే కాబట్టి అక్కడ ఏమీ మాట్లాడలేదు. కానీ ఆ కుర్రాడు సూట్ విప్పుతుంటే పక్కనే ఉన్నాను. ఫ్లీస్ అనే ఆ వెచ్చటి నూగు బట్ట వీపు భాగం పిండితే నీళ్లు కారేలా ఉంది. సూట్‌కి చిల్లు లేదు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర నీరు చొరబడకుండా పట్టి ఉంచే గాస్కెట్లు కొత్తవి. ఆ తడంతా అతని చెమటే. ఇంకో ఫ్లీస్ ఉంటే అదీ తడిసేది.

ఈ సలహా చాలామంది చెబుతారు. చెప్పేవాళ్లలో నాకంటే అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు. అయినా నా అభిప్రాయం వేరు. డ్రైసూట్‌లో చలి పుట్టడానికి బట్టలు చాలకపోవడమే కారణమైన సందర్భాలు ఉంటాయి గానీ, నేను చూసినంతలో అవి తక్కువ. ఎక్కువసార్లు కారణం చెమట, లేదా బిగుతు, లేదా కదలకుండా ఉండిపోవడం. మొదటి రెండింటికి ఇంకో పొర మందు కాదు సరికదా, జబ్బును పెంచుతుంది. మూడోదానికి పనికొస్తుంది గానీ, దాన్ని వేసుకోవాల్సిన చోటు వేరు.

సూట్ వంతు ఎంత

వేడిని లాగేయడంలో నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు చురుకైనది. డ్రైసూట్ ఆ నీటిని ఒంటికి తగలనివ్వదు. దాని పని అంతవరకే. రెండు బట్టల మధ్య బ్యూటైల్ రబ్బరు అతికించి చేసే మూడు పొరల సూట్ వానకోటంత పల్చగా ఉంటుంది, దానికి సొంత వెచ్చదనం లేనట్టే. నియోప్రీన్ అనే నురగ రబ్బరుతో చేసిన డ్రైసూట్ కొంత నయం, దాని లోపల గాలి బుడగలు ఉంటాయి కాబట్టి. ఏ సూట్ అయినా అసలు వెచ్చదనం లోపలి బట్టల పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలిది. ఆ గాలికి చోటు తగ్గినా, ఆ చోటులోకి నీరు చేరినా చలి తెలుస్తుంది. ఆ నీరు నదిదా, మన ఒంటిదా అన్నది పోగులకు అనవసరం.

మందమే ముఖ్యమనేవాళ్లు చెప్పే ఉదాహరణ ఒకటుంది, బలమైనదే. 1984 మార్చిలో ఐస్‌లాండ్ దక్షిణ తీరాన ఒక చేపల పడవ బోల్తా పడింది. అందులో పనిచేసే గుడ్‌లౌగర్ ఫ్రిడ్‌థోర్సన్ అనే యువకుడు 5, 6 డిగ్రీల నీటిలో గంటల తరబడి ఈది ఒడ్డెక్కి బతికాడు. తోటివాళ్లలో ఎవరూ మిగల్లేదు. తర్వాత పరీక్షించినప్పుడు అతని చర్మం కింద కొవ్వు మామూలు మనుషులకంటే చాలా మందంగా ఉందని తేలింది. మందం అతన్ని కాపాడిన మాట నిజం. అయితే కొవ్వు తడవదు, నొక్కితే నలిగి పల్చబడదు. ఫ్లీస్ ఆ రెండూ చేస్తుంది. పైగా పలచటి ఫ్లీస్ పొడిగా, గుల్లగా ఉన్నప్పుడు చేసే పని, మందపాటిది తడిసి నలిగాక చేయలేదు. అందుకే ఈ ఉదాహరణ వినిపించిన ప్రతిసారీ ఒప్పుకుంటూనే నా మాట మీద ఉంటాను.

ఒడ్డు మీద మొదలయ్యే చలి

నీళ్ల మీద చలేసిందంటారు గానీ, చాలాసార్లు దాని మొదలు బండి ఆపిన చోటే ఉంటుంది. అక్కడే పొరలన్నీ వేసుకుని, జిప్ పూర్తిగా మూసి, 20 కిలోల పైచిలుకు కయాక్‌ను భుజాన పెట్టుకుని గట్టు దిగుతారు. గట్టి శ్రమలో మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోవడం మామూలే. నీటి అంచుకు వచ్చేసరికి లోపలి పొర చెమ్మగిల్లిపోతుంది. అప్పుడు ఎవరికీ అనుమానం రాదు, ఒళ్లు వేడిగానే ఉంటుంది కదా. కాసేపయ్యాక ఎక్కడో ఆగి ఫొటోలు తీసుకుంటుంటే వీపు మధ్యలో సన్నగా మొదలవుతుంది.

"నాది బ్రీదబుల్ సూట్ కదా, చెమట బయటికి పోతుందిగా" అంటారు. పోతుంది, కొంత. ఆ పొర ఆవిరిని వదులుతుంది, ద్రవాన్ని వదలదు. బయట గుడ్డ మంచులా చల్లబడి ఉంటే ఆవిరి దాన్ని దాటేలోపే లోపలివైపు చెమ్మగా మారుతుంది. దానిమీద లైఫ్ జాకెట్, నడుము చుట్టూ పడవలోకి నీళ్లు రాకుండా కప్పే స్ప్రే స్కర్ట్ ఉంటే ఆ మేర దారి మూసుకుపోయినట్టే. బయటి గుడ్డ మీద నీటిని జారగొట్టే పూత అరిగిపోయి గుడ్డే నీళ్లు పీల్చుకుంటుంటే మిగిలిన దారీ పోతుంది. అలాగని బ్రీదబుల్ సూట్ వృథా అనను. రోజంతా తిరిగేవాళ్లకు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కాకపోతే తీరిగ్గా తెడ్డు వేస్తున్నప్పుడు పోయే చెమటకు అది సరిపోతుందేమో గానీ, గట్టు దిగేటప్పుడు కారిన చెమటకు కాదు.

ఒక స్నేహితుడు తన సూట్ లీకవుతోందని మరమ్మతుకు పంపాడు. వాళ్లు గాలి నింపి, సబ్బు నీళ్లు పూసి చూసి, చిల్లేమీ లేదని వెనక్కి పంపారు. వాడు వాళ్లను నమ్మలేదు. మళ్లీ తడిసిన రోజున నన్ను పిలిచి చూపించాడు. లీకైతే తడి ఒకచోట పట్టుకుంటుంది. మణికట్టు నుంచి మోచేతి దాకానో, ఒక పాదమో, జిప్ చివరి దగ్గరో తడుస్తుంది. వాడిది వీపు, రొమ్ము, చంకలు అంతటా సమానంగా తడి. పైగా పాదాలు రెండూ పొడిగా ఉన్నాయి. ఆ తర్వాత కూడా వాడు పూర్తిగా ఒప్పుకోలేదనుకోండి. డబ్బు పెట్టి కొన్న వస్తువులో తప్పుందని నమ్మడం, నేనే చెమట పోస్తున్నానని నమ్మడంకంటే సులువు.

మందు మాత్రం చాలా చప్పగా ఉంటుంది. పడవ మోసే పని ముందు మామూలు బట్టల్లో ముగించి, తర్వాత సూట్ తొడుక్కోవాలి. అది కుదరకపోతే సూట్ నడుము దాకా వేసుకుని, చేతులు నడుముకు కట్టుకుని నడిచి, నీటి దగ్గర పైభాగం వేసుకోవాలి. దీనికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాలు ఓపిక పట్టలేకే సగం మంది సాయంత్రం వణుకుతుంటారు. ఒంటికి అంటుకుని ఉండే పొర నూలుది కాకూడదని అందరికీ తెలుసు. మెరినో గొర్రె ఉన్ని మేలా, పాలిస్టర్ మేలా అన్న తగాదాలో నేను రోజును బట్టి మారతాను. మెరినో తన బరువులో దాదాపు మూడో వంతు చెమ్మను పీల్చుకుని కూడా చలి తెలియనివ్వదు, అందుకని నిదానంగా సాగే రోజున అది. గట్టిగా తెడ్డు వేయాల్సిన రోజున త్వరగా ఆరే పాలిస్టర్.

గాలిని చూసి కాదు, నీటిని చూసి

ఇక్కడే నా వాదనకు అసలు ఇబ్బంది వస్తుంది. ఈ ఆటలో అందరూ ఒప్పుకునే సూత్రం ఒకటుంది: బట్టలు నీటి చలికి తగ్గట్టు వేసుకోవాలి, గాలికి తగ్గట్టు కాదు. ఎండ కాస్తున్న రోజున కూడా నీరు 6 డిగ్రీలే ఉండొచ్చు. పడితే పడేది ఆ నీటిలోనే. మరి తక్కువ వేసుకుని చెమట తగ్గించుకోమంటే, పడినప్పుడు సంగతేమిటి?

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో పనిచేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 లెక్క చాలామంది వినే ఉంటారు. మంచు లాంటి నీటిలో పడితే ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు చెప్పిన మాట వినే వ్యవధి 10 నిమిషాలు, ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి 1 గంట. డ్రైసూట్ ఇందులో చివరి గంటను బాగా పొడిగిస్తుంది, మొదటి నిమిషాన్ని కొంత తేలిక చేస్తుంది. మధ్యలో ఉన్న ఆ పది నిమిషాల మాటేమిటి? ముఖం, చేతులు సూట్ బయటే ఉన్నాయి. గ్లవ్స్ లేకపోతే వేళ్లకు ఆ పది నిమిషాలే గడువు. ఒళ్లు వెచ్చగా ఉంటే చేతులకు రక్తం బాగా వస్తుందన్నది నిజమే గానీ, అలాంటి నీటిలో మునిగిన వేళ్లకు ఆ రక్తం చాలదు. రొమ్ము మీద ఇంకో ఫ్లీస్ వేసుకున్న మనిషి కూడా పడవ తాడు పట్టుకోలేకపోవచ్చు.

అయినా సూత్రం తప్పని నేను అనలేను. ఎందుకంటే వేడి ఎక్కువైతే తగ్గించుకునే దారులు నీటి మీద చాలా ఉన్నాయి. టోపీ తీయొచ్చు, చేతులు నీటిలో ముంచొచ్చు, మెడ మీద నీళ్లు చల్లుకోవచ్చు, రోల్ చేయడం తెలిసినవాళ్లు ఒకసారి పడవతో సహా బోర్లాపడి తిరిగి లేవొచ్చు. వేడి తక్కువైతే నీటి మధ్యలో సూట్ విప్పి ఇంకోటి వేసుకోలేం. అందుకని ఒడ్డుకు దూరంగా వెళ్లే రోజున, అలలు పెద్దగా ఉన్న రోజున చెమటను భరించడానికే నేను సిద్ధపడతాను.

మరి ఇది నేను పైన చెప్పినదానికి విరుద్ధం కాదా? కొంతవరకు అవును. ఇందులో నేను చివరికి పట్టుకున్నది ఏమిటంటే, ఎంత వేసుకోవాలో నీరు తేలుస్తుంది, దానితో బేరం లేదు. కానీ ఆ లెక్కకు మించి వేసుకోవడాన్నీ, ఆ వేసుకున్నదాన్ని ఒడ్డు మీదే తడిపేయడాన్నీ నీరు అడగలేదు. ఆ లెక్క తెలియాలంటే పరీక్షించాలి. ఆశ్చర్యం ఏమిటంటే ఈ పరీక్ష దాదాపు ఎవరూ చేయరు. చలికాలం మొదట్లో నడుము లోతు నీటిలో, పక్కన ఒక మనిషిని పెట్టుకుని, పావుగంట కదలకుండా తేలుతూ ఉంటే చాలు. పడవలో కూర్చుని వెచ్చగా ఉండడం దేనికీ రుజువు కాదు, తెడ్డు వేస్తున్నంతసేపూ ఒళ్లే పొయ్యి. నీటిలో తేలినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. నీటి ఒత్తిడికి సూట్ కాళ్లకు అతుక్కుపోతుంది, లోపలి గాలి భుజాల దగ్గరికి ఎగబాకుతుంది, తొడల మీద ఫ్లీస్ నలిగి సగం పని మానేస్తుంది. మొదట చలి తెలిసేది అక్కడే.

డైవర్లకు ఇది బాగా తెలుసు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీదికంటే రెట్టింపవుతుంది కాబట్టి, వాళ్లు దిగుతున్నకొద్దీ సూట్‌లోకి గాలి వదులుకుంటారు. కయాక్ వాళ్లు దీనికి వ్యతిరేక దిశలో అతి చేస్తారు. నీళ్లలోకి దిగే ముందు గొంతుక్కూర్చుని మెడ గాస్కెట్‌ను రెండు వేళ్లతో లాగి గాలి బయటికి పంపడం అవసరమే, లేకపోతే పడినప్పుడు కాళ్లు పైకి తేలతాయి. కానీ కొందరు గాలి చుక్క కూడా మిగలకుండా పిండేస్తారు. వెచ్చదనం ఇచ్చేది ఆ గాలే కదా, కొంచెం ఉండనివ్వండి.

బిగుతు

దీని గురించి పెద్దగా వాదించాల్సింది లేదు గానీ, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పాదాలు చల్లబడుతున్నాయని ఒకావిడ రెండు జతల మందపాటి సాక్స్ మీద మూడోది వేసుకుని, బూట్లలోకి కాళ్లు కుక్కుకునేది. ఒక జత తీసేసి చూడండి అంటే నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. తర్వాతెప్పుడో బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కుని, అవే సాక్స్‌లో ఒక జత మానేసింది. పాదాల గురించిన ఫిర్యాదు మళ్లీ వినలేదు. వేళ్లు ఆడించడానికి చోటు లేకపోతే ఉన్ని నలిగి గాలి పోతుంది, రక్తం కూడా సరిగా రాదు.

చేతులకూ ఇదే వర్తిస్తుంది. మణికట్టు గాస్కెట్ మరీ బిగుతైతే వేళ్లు మొద్దుబారతాయి, దానికి చలి మీద నింద వేస్తాం. బిగుతు గ్లవ్స్‌కంటే తెడ్డుకు తగిలించుకునే చేతి తొడుగులు, అంటే పోగీలు, నాకు నచ్చుతాయి, లోపల చేయి వదులుగా ఉంటుంది. పడిపోయినప్పుడు మాత్రం అవి తెడ్డుతో పాటే ఉండిపోతాయి, చేయి ఖాళీ. అందుకే లైఫ్ జాకెట్ జేబులో ఒక జత నియోప్రీన్ గ్లవ్స్ ఉంచుకుంటాను. తడిసి మొద్దుబారిన వేళ్లతో వాటిని తొడుక్కోగలనా అని ఎవరైనా అడిగితే, కష్టమే.

తల గురించి ఒక మాట. ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని ఇప్పటికీ చెబుతుంటారు. అది నిజం కాదు. తల ఒంటి ఉపరితలంలో దాదాపు పదో వంతే, మిగతా ఒళ్లు కప్పి తలొక్కటే వదిలేస్తేనే అక్కడినుంచి ఎక్కువ పోయినట్టు కనిపిస్తుంది. అయినా టోపీ వదలను. సూట్ తెరవకుండా వెచ్చదనాన్ని పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి మనకున్న సులువైన సాధనం అది.

ఇంకో పొర వేసుకోవాల్సిన చోటు

కదలకుండా ఉండేవాళ్ల సంగతి వేరు. బృందాన్ని నడిపే మనిషి వెనకబడినవాళ్ల కోసం ఆగుతూ ఉంటాడు. నేర్పించేవాళ్లు నడుము లోతు నీటిలో నిలబడి ఉంటారు. ప్యాడిల్ బోర్డు మీద ఫొటోలు తీసేవాళ్లు ఉంటారు. వీళ్లకు చెమట సమస్య కాదు, ఒంట్లో వేడి పుట్టకపోవడమే సమస్య. మధ్యాహ్నం ఒడ్డున ఆగి తింటున్నప్పుడు మనమంతా వీళ్లమే అవుతాం. తడి సూట్ మీద గాలి కొడుతుంటే బయటి గుడ్డలోని నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఒక్కో గ్రాము నీటికి దాదాపు 2.4 కిలోజౌళ్లు. నీటిలో హాయిగా ఉన్నవాళ్లు ఒడ్డు మీద వణకడానికి సగం కారణం ఇదే.

ఇక్కడ ఇంకో పొర కావాలి, కానీ సూట్ పైన. లైఫ్ జాకెట్ మీదుగా కూడా పట్టేంత వదులైన, గాలి చొరబడని పెద్ద కోటు. జిప్ తెరవక్కర్లేదు, లోపలి పొరలు నలగవు, బయల్దేరేటప్పుడు తీసేసి సంచిలో పడేయొచ్చు. ఆగిన వెంటనే, తిండి పొట్లం విప్పకముందే వేసుకోవాలి. వణుకు మొదలయ్యాక వేసుకుంటే అది పోయిన వేడిని తెచ్చిపెట్టదు. నా దృష్టిలో డ్రైసూట్ కొన్నవాళ్లు రెండోది ఫ్లీస్ కాదు, ఈ కోటు కొనాలి.

నీళ్లు తాగడం గురించి

ఇది మాట్లాడడానికి అందరూ మొహమాటపడతారు. చలిలో, అందులోనూ నీటి ఒత్తిడిలో, మూత్రం ఎక్కువగా వస్తుంది. కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరితే ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని శరీరం బయటికి పంపేస్తుంది. సూట్ విప్పకుండా మూత్రానికి వెళ్లడానికి ఉండే రిలీఫ్ జిప్ లేనివాళ్లు, ఉన్నా వాడుకోవడం కష్టమనిపించిన ఆడవాళ్లు ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఒంట్లో నీరు తగ్గితే అలసట ముందే వస్తుంది, తలనొప్పి పట్టుకుంటుంది, తెడ్డు నెమ్మదిస్తుంది, దాంతో పుట్టే వేడీ తగ్గుతుంది. అప్పుడు కూడా మనం ఇచ్చే సలహా ఫ్లీసే. మూత్రాన్ని వెచ్చగా ఉంచడానికి శరీరం వేడి ఖర్చుపెడుతుందనే మాట కూడా వింటుంటాను. అది ఒంటి వేడితోనే ఉంటుంది, దాన్ని ఆపుకోవడం వల్ల చలి పెరగదు. ఇబ్బంది మాత్రం నిజం. సూట్ కొనేటప్పుడు రంగుకంటే ముందు ఆ జిప్ ఎక్కడుందో చూడాలి.

బ్యాటరీ జాకెట్లు

బ్యాటరీతో వేడెక్కే ఈ జాకెట్లుంటే ఇదంతా అనవసరం అనేవాళ్లూ ఉన్నారు. వేడి ఇస్తాయి, కాదనను. బ్యాటరీ అయిపోయినప్పుడు లోపల ఏం మిగులుతుందన్నదే నా ప్రశ్న. జాకెట్ ఉందన్న ధీమాతో తగ్గించిన పొరలు అప్పుడు గుర్తొస్తాయి. డైవర్లకు ఇంకో చిక్కు ఉంది. అమెరికా నౌకాదళపు ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 2007లో వెలువరించిన అధ్యయనంలో, అడుగున వెచ్చగా ఉండి పైకి వచ్చేటప్పుడు చల్లబడిన డైవర్లకు డీకంప్రెషన్ జబ్బు (పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి ఒంట్లో వాయు బుడగలు ఏర్పడడం) ముప్పు పెరిగింది. అంటే దిగగానే జాకెట్ వేడి పెంచి, పైకి వచ్చేసరికి బ్యాటరీ అయిపోగొట్టుకోవడం అన్నిటికంటే చెడ్డ వరస. చేతి నరాల జబ్బున్నవాళ్లకు, రక్తప్రసరణ సరిగా లేనివాళ్లకు ఇవి వరం కావచ్చు, వాళ్లతో నాకు వాదన లేదు.

ఇంతా చెప్పి, లోపల ఇంకో పొర వేసుకోవాల్సిన రోజే రాదని అనను. విప్పి చూస్తే లోపలి బట్టలు పొడిగా ఉన్నాయి, బూట్లు వదులుగా ఉన్నాయి, సరిగా తిన్నారు, నీళ్లు తాగారు, తేలి చూస్తే మాత్రం పావుగంటకే వణుకు వచ్చింది. అప్పుడు తప్పకుండా వేసుకోవాలి. అయితే మొత్తం ఫ్లీస్‌కంటే ముందు చేతుల్లేని జాకెట్ ఒకటి ప్రయత్నించమంటాను. రొమ్ముకు, వీపుకు అదనపు వెచ్చదనం ఇస్తుంది, చంకల దగ్గర బట్ట పోగుపడి భుజాలను పట్టేయదు. తొడల దగ్గర చలైతే దానికి జాకెట్ పనికిరాదు, నలగని రకం ప్యాంటు చూసుకోవాలి.